అశ్వారావుపేటలో ఎవరు పడాలి?

నేను వైరా మనిషిని. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో నా దగ్గర న్యాయం, తటస్థత లాంటివి దొరకవు. కుస్తీ అంటే మా వెంకటేశ్వరరావు, అంతే. డెబ్భై అయిదులో, తొమ్మిదేళ్ల పిల్లగా, మా నాన్న భుజాల మీద కూర్చుని కళ్లారా చూశాను. వైరా సంత మైదానంలో డేరా కట్టి, టికెట్ పెట్టి ఆడించిన ఫ్రీస్టైల్ కుస్తీ అది. ఎర్ర చెడ్డీ వేసుకున్న మా వెంకటేశ్వరరావు, నల్ల చెడ్డీలో ఉన్న రూప్‌సింగ్ అనే బండరాయి లాంటి మనిషిని రెండు చేతుల మీద తల పైకెత్తి, గిర్రున మూడు చుట్లు తిప్పి, దబ్బున కింద వేశాడు. జనం అరుపులకి డేరా గుడ్డ ఊగింది. నేను మా నాన్న జుట్టు రెండు గుప్పిళ్లా పట్టుకుని పీకేశాను. ఆయన నన్నేమీ అనలేదు, ఆయనా అరుస్తూనే ఉన్నాడు.

అయితే ఇది వెంకటేశ్వరరావు కథ కాదు, రూప్‌సింగ్ కథా కాదు. ఆ రోజు ఆ ఇద్దరి చుట్టూ తెల్ల చొక్కాతో పరుగులు పెట్టి, నేల చరుస్తూ "వన్, టూ, త్రీ" అని అరిచిన సన్నటి మనిషి కథ. ఆ మనిషిని ఆ రోజు నేను చూడనేలేదు. రిఫరీని ఎవరు చూస్తారు చెప్పండి? ముప్పై ఏళ్ల తర్వాత ఆయన పక్క గదిలోనే ఉద్యోగం చేస్తూ కూడా నేను పోల్చుకోలేకపోయాను.

రెండు వేల నాలుగులో నేను అశ్వారావుపేటలో ఒక పామాయిల్ మిల్లు ఆఫీసులో చేరాను. గేటు దాటగానే కాటా ఉంటుంది. పామాయిల్ గెలల లోడుతో వచ్చిన ప్రతి ట్రాక్టరూ ఆ ఇనప పలక మీదకి ఎక్కాలి, తూకం చీటీ తీసుకోవాలి, అప్పుడే లోపలికి దారి. ఆ కాటా గదిలో కూర్చునే మనిషి పేరు ఆరోగ్యం. అరవై ఒక్క ఏళ్లు. ఎర్రుపాలెం వైపు కేథలిక్ కుటుంబం. మా వైపు మనిషే కదా అని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. మిల్లులో చేరిన వారానికల్లా అందరి బట్టలూ ఒకే జిడ్డు రంగులోకి తిరుగుతాయి. ఈయన చొక్కా మాత్రం ఆదివారం చర్చికి వెళ్తున్నట్టు రోజూ తెల్లగా మెరిసేది. ఇంకో వింత అలవాటు కూడా ఉండేది. ఎవరైనా చెయ్యి కలపబోతే అరచెయ్యి పట్టుకోడు, మణికట్టు పట్టుకుంటాడు, నాడి చూసే వైద్యుడిలా. అదేం అలవాటని నేను ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా.

ఆ డిసెంబరులో గొడవ మొదలైంది. మొదలుపెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. క్యాంటీన్ టీవీలో విదేశీ కుస్తీ వస్తోంది. జుట్టుకు రంగేసుకున్న ఇద్దరు ఒకరినొకరు కుర్చీలతో బాదుకుంటున్నారు. కూలీలు, డ్రైవర్లు ఇద్దరిలో ఎవరు గొప్పని చించుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది.

"వీళ్లదీ ఒక కుస్తీయేనా? మా వైరా వెంకటేశ్వరరావుని చూసి ఉంటే మీరు ఈ టీవీ కట్టేసేవాళ్లు!" అన్నాను.

"ఎవలక్కా ఆయన? పేరే ఇనలే," అన్నాడు బిచ్యా. జూలూరుపాడు అవతలి తండా కుర్రాడు. మిల్లుకి గెలలు తోలే ట్రాక్టరు డ్రైవరు. చూపుడువేలంత మీసం ఉండేది, దాన్ని దువ్వడానికి జేబులో ప్రత్యేకంగా దువ్వెన పెట్టుకునేవాడు.

"రూప్‌సింగ్‌ని తల మీదకెత్తి పడేసినాయన!"

బిచ్యా చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏ రూప్‌సింగ్? నల్ల చెడ్డీ రూప్‌సింగా? మా రూప్‌సింగ్ తాతనా?"

"ఆయనే. నేను కళ్లారా చూశాను."

"అక్కా, నువ్వు ఆఫీసు మనిషివి, నేనేమన్న అంటే బాగుండది. గని మా తాతను పడగొట్టినోడు ఇంక పుట్టలే. ఎల్లందుల మా నాయన సూసిండు. జూలూరుపాడుల మా అమ్మ సూసింది. మీ రావును మెడ కింద చెయ్యేసి ఎనకకు ఇరిసి పండవెట్టిండట. రావు లేవలేక లేవలేక లేచిండట."

ఇక చూడండి! మిల్లు రెండు ముక్కలైంది. వైరా, మధిర, ఎర్రుపాలెం వైపు వాళ్లంతా నా వెనక. ఎల్లందు, జూలూరుపాడు, బూర్గంపాడు వైపు వాళ్లంతా బిచ్యా వెనక. మర్నాటి నుంచి ఎవరికి వాళ్లు సాక్షుల్ని పట్టుకురావడం మొదలుపెట్టారు. నేను మా నాన్నకి ఫోన్ కలిపి స్పీకర్లో వినిపించాను. బిచ్యా వాళ్లమ్మని ఏకంగా ట్రాక్టరులో ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఆమె గేటు దగ్గర నిలబడి, గాజులు గలగలలాడిస్తూ ఆ పట్టు ఎలా పట్టాడో వాచ్‌మన్ మెడ మీద చేసి చూపించింది. వాచ్‌మన్ రెండు రోజులు మెడ తిప్పలేకపోయాడు. అసలు మనుషుల్నే అడిగితే అక్కడ రావు గారు, ఇక్కడ రూప్‌సింగ్, ఇద్దరూ నవ్వి మాట దాటేశారట. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, ఏ సాక్షీ అబద్ధం చెబుతున్నట్టు లేడు. అందరూ చూశారు. అందరికీ రంగులతో సహా గుర్తుంది.

"పందెం!" అన్నాడు బిచ్యా. "మా తాత ఓడినట్టు తేలితే మీసం తీసేస్త. మీ రావు ఓడినట్టు తేలితే నువ్వు అందరి ముంగట నా ట్రాక్టర్ కడగాలె."

"కడుగుతాను, చక్రాలతో సహా!" అన్నాను. నాకు అంత నమ్మకం.

ఆ వారంలోనే చీటీల కాగితం కట్ట కోసం కాటా గదిలోకి వెళ్లాను. బీరువా వెనక ఏదో తళుక్కుమంది. లాగి చూస్తే వెండి రంగు వేసిన గద. పిడి మీద వెలిసిపోయిన అక్షరాలు: జైహింద్ ఫ్రీస్టైల్ కుస్తీ కంపెనీ. వైరా డేరా మీద రాసి ఉన్న పేరు అదే!

"బాబాయ్! ఇదేంటి?"

ఆరోగ్యం బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "రిఫరీనమ్మా," అన్నాడు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

ఆ మాటని గుప్తంగా ఉంచాల్సింది. నాకు అంత ఓపిక ఎక్కడిది? కిటికీలోంచి తల బయటపెట్టి కేక పెట్టాను. నిమిషంలో నలభై మంది గది చుట్టూ మూగారు. ఎవరు గొప్ప, ఎవరు గెలిచారు, చెప్పు బాబాయ్, చెప్పు పెద్దాయనా అని ఒకటే గోల. ఆయన పెన్ను తీసి, "టోకెన్ ఇరవై ఏడు, బండి కాటా ఎక్కించు," అన్నాడు. మూడు రోజులు అదే జవాబు.

ఊళ్లో మోటారు సైకిళ్ల మెకానిక్ రవీందర్ యువజన సంఘానికి అధ్యక్షుడు. రిపబ్లిక్ డేకి స్కూలు మైదానంలో కుస్తీ పోటీలు పెట్టే అలవాటు ఆయనది. మా గొడవ చెవిన పడగానే ఎగిరి గంతేశాడు. ఇద్దరు మల్లయోధులూ ఇంకా బతికే ఉన్నారు కదా! ఇద్దర్నీ పిలుస్తాం, సన్మానం చేస్తాం, వాళ్లలో ఎవరు గొప్పో రిఫరీ ఆరోగ్యం గారు మైకులో చెబుతారు, ఆ గొప్పవాడికే గద ఇస్తాం అని ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించాడు. బాబాయ్‌ని ఒక్క మాట అడగలేదు.

పండుగ ఇంకా అయిదు రోజులుందనగా బాబాయ్ డ్యూటీకి రాలేదు. పదేళ్లలో మొదటిసారట. నేను భయపడి వాళ్లింటికి వెళ్లాను. భార్య మహిమ పిన్ని తలుపు తీసి, "రా బిడ్డా. అన్నం తింటలేడు. నువ్వు పెట్టిన చిచ్చే గదా, నువ్వే ఆర్పు," అంది. మాట కటువుగా ఉన్నా టీ మాత్రం పెట్టింది.

బాబాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఈ ఊరికి ఆ ఇద్దర్నీ తీసుకురావద్దమ్మా," అన్నాడు. "అయిదేళ్లు కంపెనీ జిల్లా అంతా తిరిగింది. అశ్వారావుపేటల మాత్రం ఒక్క ఆట ఆడలే. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"ఈడ ఎవరు పడాలో ఎవరికీ తెల్వదు."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. డెబ్భై మూడులో చర్చి బోర్డింగ్ స్కూల్లో పిల్లలకి ఫుట్‌బాల్ ఆడిస్తూ విజిల్ ఊదుతుంటే కంపెనీ సేటు చూసి పట్టుకుపోయాడట. తెల్ల చొక్కా ఉంది, ఇంగ్లీషులో అంకెలు చదవగలడు, అంతకంటే అర్హత ఏం కావాలి? ఆటలో ఎవరు గెలవాలో ముందే ఖాయం చేసేవాడు సేటు. ఆ సంగతి ఆటగాళ్లకి బరిలోనే చేరవేయడం రిఫరీ పని. ఆట మొదలయ్యే ముందు గోళ్లు పెరిగాయా, నూనె రాసుకున్నారా అని ఇద్దరి చేతులూ పట్టి చూస్తాడు కదా, అప్పుడు పడాల్సిన మనిషి మణికట్టు మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. ఆ మనిషి అర్థమైందని తొడ ఒకసారి చరుస్తాడు. అంతే.

"అంటే అంతా ఉత్తుత్తిదేనా?" అన్నాను. ముప్పై ఏళ్లుగా దాచుకున్న రోజుని ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు కోపం వచ్చింది. "మా నాన్న భుజాల మీద కూర్చుని నేను చూసింది నాటకమా?"

"గెలుపోటములు నాటకం. దెబ్బలు కాదు బిడ్డా." ఆయన నా కోపాన్ని పట్టించుకోలేదు. "చేరిన కొత్తల్లో వెంకటేశ్వరరావు నన్ను పక్కకు పిలిచి, ఏ ఊర్లనన్న పడేయించు గానీ మా అమ్మ, మా ఊరోళ్లు చూసే తాన వద్దన్నడు. ఆ వారంలోనే రూప్‌సింగ్ వచ్చి, మా తండోళ్లు చూస్తాంటే నన్ను పండవెట్టకు అన్నడు. ఇద్దరికీ జపమాల పట్టుకుని మాటిచ్చిన. సేటుని బతిమాలి ఏర్పాటు చేసింది నేనే. వైరా వైపు ఆడితే రావు గెలవాలి. ఎల్లందు వైపు ఆడితే రూప్‌సింగ్ గెలవాలి. అప్పట్ల బస్సులెక్కడివి? ఈడి జనం ఆడికి పోయేదెట్ల, ఆడి సంగతి వీళ్లకి తెలిసేదెట్ల? అశ్వారావుపేటకైతే రెండు దిక్కులోళ్లూ వస్తరు, అందుకే ఈడ ఆడలే."

సాక్షుల్లో ఒక్కరూ అబద్ధం చెప్పలేదన్నమాట! మా నాన్నా చూశాడు, బిచ్యా వాళ్లమ్మా చూసింది. రెండు వైపుల జనం అయిదేళ్లపాటు తమ మనిషి గెలుపునే చూశారు, అవతలివాడి గెలుపు ఒక్కసారైనా చూడలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు, పొట్ట పట్టుకుని నవ్వాను. మహిమ పిన్ని లోపల్నుంచి తొంగి చూసింది.

"సరే బాబాయ్. నాకొక్కదానికి చెప్పు. నిజంగా ఎవరు గొప్ప?"

ఆయన రెండు అరచేతులూ త్రాసు పళ్లేల్లా చాపాడు. "రావుకి లేపే బలం ఉంది. జనాన్ని చూడంగనే ఆయన ఛాతీ రెండింతలయ్యేది. గానీ పడుడు రాదు. సిమెంటు బస్తా లెక్క పడేటోడు. ఎల్లందుల ఒకసారి, బూర్గంపాడుల ఒకసారి పక్కటెముకలు ఇరిగినయి. అయినా పడనని ఎన్నడూ అనలే. రూప్‌సింగ్‌కి లేపుడు అంతంత మాత్రమే. గానీ పడుడు చూడాలమ్మా! నువ్వు వైరాల చూసినవే, రావు తల మీదకెత్తుడు, దాంట్ల సగం రూప్‌సింగ్ ఎగురుడే. సరిగ్గా ఆ గడియకి పాదం నేలకి తన్ని ఎగిరేటోడు. పడినప్పుడు ఎడమ చెయ్యి ముందు నేలకు కొట్టేటోడు, ఆ చప్పుడుకే డేరా అదిరేది. ఒంటికి దెబ్బ తగిలేది కాదు."

"మరి ఇద్దరూ ఏం మిగిల్చారు?" అన్నాను. ఎందుకు అడిగానో తెలుసు. వెంకటేశ్వరరావు వైరాలో తాలీం, అదే కుస్తీ బడి, పెట్టి నలభై మందిని తయారు చేశారు. వాళ్లలో సగం మంది పోలీసులు, ఆర్టీసీ డ్రైవర్లు. ఆ లెక్కలోనైనా మా వాడే పైన ఉండాలని నా ఆశ.

"రావుకి తాలీం ఉంది. రూప్‌సింగ్‌కి అసుంటిది ఏమీ లేదు. గానీ బిచ్యాని అడుగు, కాటా కాడ తండోళ్లు చెప్పుకుంటే విన్న. ఆ తండాల చింతచెట్టు మీదికెళ్లి పడ్డోళ్లున్నరు, ఎడ్లబండి మీదికెళ్లి పడ్డోళ్లున్నరు. చెయ్యి ఇరిగినోడు ఒక్కడు లేడు. పిల్లలకి నడక రాంగనే పడుడు నేర్పిస్తడు ఆయన. ఇగ నువ్వే తూకం వెయ్యి." తర్వాత తల అడ్డంగా ఊపాడు. "వద్దు, వెయ్యకు. నా నోట ఆ మాట రాదు. డెబ్భై ఎనిమిదిల దమ్మపేటల సేటు మాట మార్చిండు. తండా అంతా ముందల కూసుంటే రూప్‌సింగ్‌ని పడేయమన్నడు. నేను రావు చెయ్యి నొక్కిన. రావు పడ్డడు. సేటు అందరి ముందల నన్ను చెంప మీద కొట్టి వెళ్లగొట్టిండు. ఆ ఇద్దరూ కంపెనీ లారీలకెళ్లి ఆ గద తీసి నా చేతుల పెట్టి బస్సెక్కిచ్చిండ్రు. వాళ్లను చూడక ఇరవై ఏడేళ్లు. ఇయ్యాల రెండు వైపుల జనం ఒక్క మైదానంల కూసుంటరు. ఎవరి పేరు చెప్పినా రెండోవాడు తనోళ్ల కండ్ల ముందల ఓడినట్టే. మాట ఇచ్చినోణ్ణి, నేనేం చెయ్యాలె బిడ్డా?"

చిచ్చు పెట్టడమే గాని ఆర్పడం నాకు చేతకాదు. ఎవరితోనూ అననని మాట ఇచ్చి వచ్చేశాను.

రిపబ్లిక్ డే పొద్దున జెండా ఎగరగానే మైదానం నిండిపోయింది. అంత జనాన్ని ఆ స్కూలు ఎన్నడూ చూసి ఉండదు. వైరా నుంచి రెండు బస్సులు. తాలీం కుర్రాళ్లు ఒకే రంగు బనియన్లతో దిగారు. ఇంకోవైపు నుంచి బిచ్యా ముందు నడుపుతుండగా మూడు ట్రాక్టర్ల తండా దిగింది. ఆడవాళ్ల అద్దాల పైటలు ఎండలో జిగేల్మంటున్నాయి. నగారా మోత వింటుంటే నా కాళ్లు వాటంతటవే ఊగాయి. ప్రత్యర్థి పక్షం నగారాకి ఊగకూడదని గట్టిగా నొక్కిపెట్టుకున్నాను.

వెంకటేశ్వరరావు గారు కారు దిగారు. అరవై ఆరేళ్లు, తెల్ల పంచె, నెరిసిన మీసం. రూప్‌సింగ్ ట్రాక్టరు దిగాడు. ఆయనకీ అరవై దాటాయి, నడుముకు వెడల్పాటి తోలు పట్టీ. ఇద్దరూ మైదానం మధ్యలో ఎదురుపడ్డారు. రెండు వైపులా ఈలలు ఆగిపోయాయి.

"ఏరా రూప్‌సింగ్, బతికే ఉన్నవా?"

"నువ్వు పోకుండ నేనెట్ల పోత?"

అంతే, కావలించుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి చుట్టూ చూసి, "ఆరోగ్యం ఏడి?" అన్నారు. ఆయన బరి మూలలో ఇస్త్రీ చొక్కాతో, గద కింద పెట్టుకుని, పాలిపోయిన ముఖంతో నిలబడి ఉన్నాడు. ముగ్గురూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. ఎందుకంటే అప్పుడే జనం మొదలుపెట్టారు: "ఒక్క పట్టు! ఒక్క పట్టు!"

రవీందర్‌కి అంతకంటే ఏం కావాలి? "మాటల్తో చెప్పుడెందుకు, పెద్దమనుషులు మెల్లగా ఒక్క పట్టు పడతరు, పడ్డోళ్లు ఓడినట్టు, నిలబడ్డోళ్లదే గద!" అని మైకులో కేకేశాడు. నేను అతని వైపు పరుగెత్తాను, వద్దని చెబుదామని. అప్పటికే ఆలస్యమైంది. వెంకటేశ్వరరావు గారు చొక్కా విప్పేశారు! రూప్‌సింగ్ తోలు పట్టీ బిగించాడు! జనం చేసిన హోరు అశ్వారావుపేట దాటి వినిపించి ఉంటుంది. రవీందర్ గద తెచ్చి నా చేతుల్లో పెట్టి బరి పక్కన నిలబెట్టాడు. తీరా చూస్తే అది బోలు రేకు గద, పసిపిల్ల బరువు కూడా లేదు. అయినా రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆరోగ్యం బాబాయ్ మధ్యకి వచ్చాడు. పాత పద్ధతిలోనే ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. ఆ మణికట్ల కేసి జనంలో నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఎడమ చేతిలో రావు, కుడి చేతిలో రూప్‌సింగ్. వెనక ఒకవైపు వైరా, ఒకవైపు తండా. బాబాయ్ బొటనవేళ్లు కదల్లేదు. ఒక నిమిషం గడిచింది. తర్వాత ఆయన ముఖంలో ఏదో మారింది. ఆయన ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూశాడు.

ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. ముందు రావు చెయ్యి తిప్పి బాబాయ్ మణికట్టు మీద ఒక్క నొక్కు నొక్కాడట. నేను పడతానని. ఆశ్చర్యపోయి ఇటు తిరిగేలోపు రూప్‌సింగ్ బొటనవేలూ నొక్కిందట. నేను పడతానని. తమ వాళ్ల ముందు ఓడనివ్వొద్దని ఒకప్పుడు మాట తీసుకున్న ఇద్దరూ ఇప్పుడు తమ వాళ్ల ముందే పడటానికి సిద్ధపడ్డారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

పట్టు మొదలైంది. వయసు ఎటు పోయిందో! భుజానికి భుజం తగిలింది, మెడ మీద చేతులు పడ్డాయి, రావు తొడ చరిచాడు, అదే క్షణంలో రూప్‌సింగూ తొడ చరిచాడు. పడేవాడు ఒక్కడే చరచాలి కదా! ఇద్దరూ తెల్లబోయారు. ఇద్దరూ పడబోతున్నారు, ఎవరూ పడేసేవాళ్లు లేరు. పడిపోతానని ఒకరు వెనక్కి వాలితే రెండోవాడు పట్టుకుని నిలబెడుతున్నాడు. చూసేవాళ్లకి మాత్రం అది భీకరమైన పోరాటం. నేను గొంతు చించుకుంటున్నాను, ఎవరి కోసమో నాకే తెలియడం లేదు. "రావు గారూ!" అని ఒకసారి, "రూప్‌సింగ్ తాతా!" అని ఒకసారి. పక్కనే ఉన్న బిచ్యా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

రూప్‌సింగ్ నడుము పట్టేసింది. ముఖం ఒక్కసారి వంకరపోయింది. ఇక నిలబడలేడు. ఆయన మోకాలు వంగుతోంది, వెనక తండా ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఆరోగ్యం బాబాయ్ ఇద్దరి మధ్యకి దూరాడు. రావు మోచెయ్యి ఆయన్ని తాకిందో లేదో, "అమ్మో!" అని అరిచి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, వెల్లకిలా దబ్బున పడిపోయాడు. తెల్ల చొక్కా అంతా ఎర్రమట్టి.

కుస్తీలో రిఫరీ పడిపోతే ఎవరు లెక్కపెట్టాలి? లెక్క లేకపోతే ఓటమి ఎక్కడిది? వెంకటేశ్వరరావు గారికే ముందు వెలిగింది. రూప్‌సింగ్‌ని పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుని, నేల చరిచాడు. "ఒకటి!" రూప్‌సింగ్ చరిచాడు. "రెండు!" మూడు అనే మాట వైరా వాళ్ల నోట, తండా వాళ్ల నోట ఒక్కసారే వచ్చింది. రిఫరీ ఓడిపోయాడు! నవ్వులు, ఈలలు, నగారా. తాలీం కుర్రాళ్లు, తండా కుర్రాళ్లు కలిసి బరిలోకి దూకారు.

బాబాయ్ మాత్రం లేవలేదు.

గద పారేసి పరుగెత్తి, ఆయన పక్కన కూలబడి, చెయ్యి పట్టుకుని "బాబాయ్! బాబాయ్!" అన్నాను. కళ్లు మూసుకునే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. ఈ గొడవ మొదలుపెట్టింది నేనే కదా. అప్పుడు నా మణికట్టు మీద ఆయన బొటనవేలు ఒక్క నొక్కు నొక్కింది.

ఏడుస్తూనే నవ్వాను. జనం చూస్తుండగా తొడ ఒకసారి గట్టిగా చరిచాను. నా చుట్టూ ఉన్నవాళ్లకి ఈ ఆఫీసు మేడంకి ఏమైందో అర్థం కాలేదు.

రూప్‌సింగ్ నడుము పట్టుకుని వంగి బాబాయ్ చెవి దగ్గర అన్నాడు: "మంచిగ పడ్డవ్ గని, ఎడమ చెయ్యి ముందు కొట్టాలె. ఇగ నడుము నెల రోజులు పోతది సూడు."

నిజంగానే నెల పోయింది. మర్నాడు మహిమ పిన్ని నడుముకు గుడ్డ బిగించి పంపితే, దిండు పెట్టుకుని కాటా గదిలో కూర్చున్నాడు. గద మళ్లీ బీరువా వెనకకి చేరింది. ఇదంతా రాయొచ్చా అని అడిగితే, "వాళ్ల జనం చూడొద్దనే గదా నేను మాటిచ్చింది, చదివితే చదవనీ," అన్నాడు.

పట్టు జరిగిన ఆ మర్నాడే నేను ఒక బకెట్, పాత గుడ్డ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మాట ఇచ్చాను, పడటం నేర్చుకోవాలి కదా. బిచ్యా ట్రాక్టరు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి నేను వెంటనే పోల్చుకోలేదు. ముక్కు కింద నున్నగా ఉంది.

"ఏంట్రా ఇది? మీ తాత ఓడలేదుగా!"

"మీ రావు కూడ ఓడలే గద, నువ్వేంది బకెట్ పట్టుకున్నవ్?" అన్నాడు. తర్వాత తల గోక్కుంటూ చిన్నగా అన్నాడు. "రాత్రి తాత అంత చెప్పిండక్కా. ఆయన పడుతనన్నడట. నేను పడుటానికి నాకు మీసమే దొరికింది."

ఇద్దరం కలిసి ట్రాక్టరు కడిగాం, చక్రాలతో సహా. కిటికీలోంచి ఆరోగ్యం బాబాయ్ తల బయటపెట్టాడు.

"నీళ్లు కారుతున్న బండిని కాటా ఎక్కించొద్దు. తూకం తప్పు వస్తది. ఆరినాక తీసుకురాండి, ఇద్దరూ."